ఎవరి పిల్లాడో

“దాని వైపు అట్లా ఆశగా చూడకు,” అన్నాడు మహ్రూస్ భార్య చెవిలో. “మనకి కావాలని తెలిసిందా, ధర ఆకాశానికి ఎక్కిస్తాడు.”

సుహైర్ తల తిప్పుకుంది. కైరో శుక్రవారం సంతలో, ఫ్లైఓవర్ నీడన, దుప్పటి మీద పరిచిన పాత సామాన్ల మధ్య ఆ చిన్న ఎర్ర కెమెరా కనబడేసరికి ఆమె అక్కడే ఆగిపోయింది. ఎన్ని శుక్రవారాలు తిరిగారో!

“అది లేకుండా ఇంటికి రానండీ,” అంది గొణుగుతూ. “నాదిర్ నవ్వు చూడాలి నేను.”

మహ్రూస్ ముందు ఒక రేడియో ఎత్తి చూశాడు. తర్వాత ఇస్త్రీపెట్టె. చివరికి, పోనీలే అన్నట్టు కెమెరా తీసుకుని, బ్యాటరీ మూతను గోటితో నొక్కి పైకి లేపాడు.

“అబ్బో! ఆ మూత తియ్యడానికి నేను నానా తంటాలూ పడ్డాను,” అన్నాడు సామాన్లమ్మే ఫర్గలీ. “ఎవరికి, అన్నా?”

“మా అబ్బాయికి.”

“ఎన్నేళ్ళు?”

“ఏడు,” అంది సుహైర్ గభాల్న. మహ్రూస్ గుర్రుగా చూశాడు.

“ఎనిమిది వందలియ్యి.”

“ఈ డొక్కుకా? దొంగ సరుకేమో కూడా!”

“అంత మాటనకు అన్నా! ఎంత బాగా పడుతుందో నువ్వే చూడు.”

ఫర్గలీ కెమెరా వెలిగించాడు. తెర మీద ముందుపళ్ళు ఊడిన పిల్లాడొకడు సముద్రపొడ్డున నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. తర్వాతి ఫొటోల్లోనూ వాడే. సుహైర్ ముసుగు నోటికి అడ్డం పెట్టుకుంది. మహ్రూస్ పెదవి విరిచాడు. సంతలో మెత్తబడినవాడి పని అంతే సంగతులని అతనికి తెలుసు.

“ఎవడో పిల్లాడు. నిండా వీడి మొహమే. ఈ చెత్తంతా నాకెందుకు? ఐదు వందలైతే ఇయ్యి, లేకపోతే నీ దగ్గరే ఉంచుకో.”

భార్య చెయ్యి పట్టుకుని విసవిసా నడిచాడు. ఆమె వెనక్కి లాగుతున్నా వదల్లేదు. పిలుస్తాడు, పిలవకేం చేస్తాడు!

“ఆగన్నా! నీ మాటే కానియ్యి. రా!”

మహ్రూస్ మీసాల్లో నవ్వుకుంటూ తిరిగొచ్చాడు. ఫర్గలీ కెమెరా మీదికి వంగి ఏవో మీటలు నొక్కి, పైజామాకు తుడిచి అందించాడు.

“ఇదిగో, నువ్వన్న చెత్తంతా ఊడ్చేశాను. ఒక్క ఫొటో లేదు. దేవుడు మీ అబ్బాయిని నూరేళ్ళు నిలపాలి!”

సుహైర్ అక్కడే, రేడియోల మధ్య కూలబడిపోయింది.

“ఏంటమ్మా, ఎండదెబ్బా?” ఫర్గలీ కంగారుగా నీళ్ళ సీసా తీశాడు.

నాదిర్ పోయాక వాళ్ళకు మిగిలినవి, దొంగలెత్తుకుపోయిన తమ కెమెరాలోని ఆ ఫొటోలే.