పదికి పది

"చూశావా! నేనంటున్నది కాదు, కంప్యూటరే నిన్ను ఉండిపొమ్మంటోంది," అన్నాడు లెక్కలాయన, తెర భార్య వైపు తిప్పి.

పొరుగూరి ఆసుపత్రిలో ఆవిడకు హెడ్ నర్సు ఉద్యోగం వచ్చింది. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఏ దారి మేలో అంకెలతో తేల్చే డెసిషన్ ట్రీలు, అంటే నిర్ణయాల చెట్లు, కంపెనీలకు గీసిపెట్టడమే ఆయన పని. భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఇంటికీ ఒకటి గీశాడు. 'వెళ్ళడం' ఒక కొమ్మ, 'ఉండటం' ఒక కొమ్మ.

"జీతం పెంచి చూడండి."

పెంచాడు. ఉండమంది.

"పోనీ, ఆ బస్సు ప్రయాణం తీసేయండి."

తీసేశాడు. అయినా ఉండమనే అంది.

"మొండితనంలో మీ పోలికే మీ చెట్టుకీనూ!" ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. "ఇదేంటి? ఇక్కడుంటే నా సంతోషం పదికి పదా? ఎవరు చెప్పారు మీకు?"

"ఒకరు చెప్పాలా? తెలిసిందేగా!"

ఆవిడ ఆ పది చెరిపేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గడి ఖాళీగా ఉందంటూ తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి.

ఊళ్ళోవాళ్ళందర్నీ గుచ్చి గుచ్చి అడిగి అంకెలు రాబట్టే మనిషి, ఇంట్లో మొదటిసారి అడిగాడు.

"ఏమోయ్, ఎంత వెయ్యను?"

గిన్నెల చప్పుడు ఆగింది.

"అడిగారు గనక నాలుగు వేసుకోండి. పొద్దున్నే అడిగుంటే ఏడు చెప్పేదాన్ని."

నాలుగు నొక్కాడు. చెట్టు ఏ మొహమాటమూ లేకుండా 'వెళ్ళడం' వైపు తిరిగింది.

"ఏమంటోంది మీ కంప్యూటరు?"

"వెళ్ళమంటోంది." ఆయన తెర మూసేశాడు. "ఇందాక ఉండమన్నది నేనేలే."