సుగుణమ్మకు మిగిలిన ప్రత్యర్థి

కాళ్లు మళ్లీ మొలిపించే వైద్యం ప్రతి ఊరి ఆసుపత్రికీ వచ్చేశాక, వికలాంగుల క్రీడలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చిన్నప్పుడే లారీ కింద రెండు కాళ్లూ పోగొట్టుకున్న విశాఖ సుగుణమ్మ ఒంటికి మాత్రం ఆ వైద్యం పడలేదు.

మొదట ఆమె ఈతలో పతకాలు తెచ్చింది. తోటివాళ్లంతా కాళ్లు తెచ్చుకుని వెళ్లిపోతే చక్రాల కుర్చీ పరుగుకు మారింది. అక్కడా ఎవరూ మిగలకపోయేసరికి, నలభై ఆరేళ్ల వయసులో ఈటె పట్టింది. అందులో ఆమెతో పోటీపడేది కర్నూలు పర్వీన్ ఒక్కతే.

ఒకరోజు పర్వీన్ ఫోన్ చేసింది.

"అక్కా, సోమవారం నాకూ కాళ్ల ఆపరేషన్. నీకెట్ల చెప్పాల్నో తెలీక ఇన్నాళ్లూ దాచిపెట్టినా."

"మంచిదేనే. ఎల్లే ముందు ఒక్కసారి నాతో ఆడి ఎల్లు," అంది సుగుణమ్మ.

ఆదివారం ఖాళీ మైదానంలో ఇద్దరూ కూర్చుని ఆరేసి సార్లు విసిరారు. పర్వీన్ ఈటె జానెడు ముందు పడింది. గెలిచిన పర్వీనే వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడవకే. జాలిపడి తగ్గించి ఇసిరుంటే నీతో జన్మలో మాటాడకపోదును," అంది సుగుణమ్మ.

మరుసటి ఏడు ఆమె కాళ్లున్నవాళ్ల పోటీలో పేరు ఇచ్చింది. కూర్చునే విసిరి, ముప్పై మందిలో ఆఖరున నిలిచింది. ఇరవై తొమ్మిదో స్థానంలో, కొత్త కాళ్ల మీద ఇంకా తడబడుతూ, పర్వీన్ ఉంది.

"వచ్చే ఏడు నిన్ను దాటేస్తాను సూడు," అంది సుగుణమ్మ.