పాటలో కలవని దరువు

డిక్కీ మూత పడింది. బయట తాళం తిరిగింది.

మూత పడాల్సిందే. తాళం మాత్రం పడకూడదు.

కార్లకి టేపురికార్డర్లూ ఆంప్లిఫయర్లూ బిగించే ఏలియాకి రాయపూర్‌లో పేరొచ్చిందే ఈ డిక్కీ పని వల్ల. వైర్లన్నీ లాగాక పాట గట్టిగా పెట్టించి, తను డిక్కీలో పడుకుని మూత వేయించుకుంటాడు. ఏ రేకు గలగలమంటోందో వేళ్లతో తడిమి పట్టుకుంటాడు. మూత వేసినవాడు రెండు నిమిషాల్లో తియ్యాలి. అదీ ఒప్పందం.

రోడ్డు పక్కన ఆపిన ఈ అంబాసిడర్ భన్‌పురిలో రైసుమిల్లున్న సేఠ్‌ది. మూత వేసింది సేఠ్ డ్రైవరు రామయ్య. డిక్కీ మూస్తే తాళం తిప్పి, తాళంచెవి జేబులో వేసుకోవడం రామయ్యకి ముప్ఫై ఏళ్ల అలవాటు. తిప్పాడు, వేసుకున్నాడు, టీకి పోయాడు.

గలగలమనే రేకు దొరికింది. ఏలియా మూత మీద కొట్టాడు.

"రామయ్య గారూ, అయిపోయింది. తియ్యండి."

పాట మోగుతూనే ఉంది.

అయిదు నిమిషాలయింది. పదయింది. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

"ఖోలో భాయ్, కోయీ తో ఖోలో." ఎవరైనా తియ్యండని హిందీలోనూ అరిచాడు.

పాట ఆపేద్దామంటే ఆంప్లిఫయర్ కాళ్ల దగ్గరుంది. తిరగడానికి చోటు లేదు. కాలితో వైరు ఊడదీస్తే? ఊడిన వైరు రేకుకి తగిలిందా, నిప్పురవ్వ. కిందే పెట్రోలు టాంకు. తను బిగించిన పాటకి తనే దొరికిపోయాడు, ఖర్మ కాకపోతే.

వెనక సీటు పైన రెండో స్పీకరు కోసం కోసిన కన్నం ఇంకా ఖాళీగా ఉంది. అందులోంచి వెనకద్దం, దాని అవతల కాస్త రోడ్డు కనిపిస్తున్నాయి. ఇద్దరు మనుషులు ఆగారు. ఏలియా కన్నానికి నోరు ఆనించి అరిచాడు.

వాళ్లు పాటకి తలలూపి వెళ్లిపోయారు.

ఊపిరి అందడం లేదు. పొద్దున కూర బాలేదని పెళ్లాం గ్రేస్‌తో దెబ్బలాడి, తలుపు దభాలున వేసి వచ్చాడు. ఒక్క మాట మంచిగా చెప్పి రాలేదే అని ఏడుపొచ్చింది. ఇంక ఇక్కడే పోతాననుకున్నాడు.

అప్పుడొచ్చాడు ఒక ముసలాయన. తెల్ల జుట్టు, మెడలో తువ్వాలు, భుజాన సంచీ. డిక్కీ పక్కన నిలబడి మూత మీద అరచెయ్యి వేశాడు.

"బాబాజీ, లోపలున్నాను. రామయ్యని పిలవండి. టీ కొట్లో ఉంటాడు. చచ్చిపోతున్నాను."

మూరెడు దూరంలో ఉన్నాడు. తల తిప్పలేదు. కళ్లు సగం మూసుకుని, పాట తెగ నచ్చినవాడిలా నిలబడ్డాడు.

ఏలియాకి ఒళ్లు మండిపోయింది. పిడికిళ్లతో, మోకాళ్లతో మూతని గుద్దాడు. ఆయన్నీ, ఆయన్ని కన్నవాళ్లనీ కలిపి తిట్టాడు.

ముసలాయన చెయ్యి తీశాడు. రెండో చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉండి, వెళ్లిపోయాడు.

"పోరా, పో," అని ఏలియా లోపల ఏడ్చాడు. కళ్లు బైర్లు కమ్మాయి.

ఎంతసేపయిందో తెలీదు. మూత లేచింది.

ఎదురుగా రామయ్య. పక్కన ఆ ముసలాయన.

"అయ్యో బాబూ, మాటల్లో పడి..." అన్నాడు రామయ్య.

పైకి లేపడానికి ముసలాయన చెయ్యి అందించాడు. ఏలియా ఆ చేతిని విసిరికొట్టాడు.

"అంతలా అరుస్తుంటే పాట వింటూ నిలబడతావా? మనిషివేనా నువ్వు?"

ముసలాయన అతని మొహంలోకి చూశాడు. సంచీలోంచి నీళ్ల సీసా తీసి బంపరు మీద పెట్టాడు. వస్తున్న ఆటోని చెయ్యెత్తి ఆపి, ఎక్కేశాడు. ఆటో స్టేషను వైపు తిరిగిపోయింది.

ఏలియా సీసా ఎత్తి గటగటా తాగాడు. కోపం మాత్రం దిగలేదు.

"ఎవరండీ ఆయన?"

"పరదేశి గారు. మా విజయనగరం వైపే. ఇక్కడి పని అయిపోయింది, ఇవాళ బండికి ఊరెళ్లిపోతన్నాడు. ఇంక రాడు," అన్నాడు రామయ్య. "టీ కొట్లోకొచ్చి నా చొక్కా పట్టుకు లాగాడు బాబూ. నీ కారులో ఒక దరువు పాటలో కలవట్లేదు, లోపల మనిషున్నాడు, అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, తాళం తిప్పేశానని."

"మరి నా కేకలు విని కూడా ఒక్క మాట పలకలేదేం?"

రామయ్య స్టేషను రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"ఏం కేకలు బాబూ. రైలు వేగన్లకి రివెట్లు కొట్టీ కొట్టీ ఆయనకి రెండు చెవులూ పోయి ఇరవయ్యేళ్లయింది."