మూడూ నలభై

లైబ్రరీలో ఎదుటి సీటు పెద్దాయన మంచినీళ్ళకు లేచి వెళ్ళాడు. ఫ్యాను గాలికి ఆయన నోటుపుస్తకంలో పేజీ తిరిగింది.

పరాయివాళ్ళ రాతలు చదవకూడదని ఆమెకు తెలుసు. కానీ ప్రూఫులు దిద్దే కళ్ళు అక్షరం కనబడితే ఊరుకోవు.

'ఎదుటి సీటు ఆవిడ మూడూ నలభైకి వెళ్తుంది. స్కూలు గేటు దగ్గర పాప ఒక్కతే ఉంటుంది.'

ఆ ఆవిడ తనే. ఆ పాప తన పాపే.

ఆమెకు ఆ మధ్య జ్వరం మెదడుకెక్కింది. పోతూ పోతూ సగం జ్ఞాపకాన్ని పట్టుకుపోయింది. ఒకరోజు పాపను స్కూల్లోనే మర్చిపోయింది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే పాపని మా అమ్మ దగ్గరికి పంపించేస్తాను" అన్నాడు భర్త. అరవలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఎక్కువ భయమేసింది.

ఆనాటి నుంచి బతుకంతా ఒక రింగు ఫైల్లోకి ఎక్కించింది. పనికి నీలం కాగితాలు, మందులకు పసుపు, పాపకు ఎరుపు. రోజుకో పేజీ, గంటకో గీత. అయిన పనికి టిక్కు, మిగిలిన పనికి బాణం. ఏది ఎక్కడుందో వెతుక్కోవడానికి ముందు ఒక విషయసూచిక కూడా. ఇల్లు సర్దడం ఎలా ఉన్నా, ఫైలు సర్దడంలో ఆమెకు ఆమే సాటి. రెండు నెలలుగా స్కూలుకు ఒక్కరోజూ ఆలస్యం కాలేదు.

అంతా కుదుటపడిందనుకుంటే ఇప్పుడీ ముసలాయన!

లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, ఆయన మా పాప గురించి రాసుకుంటున్నాడు."

"ఆ పెద్దాయనా? నోట్లో నాలుక లేని మనిషమ్మా!"

"రోజూ నేను వెళ్ళే వేళకే కుర్చీ బర్రున ఈడ్చి లేస్తాడు. నా వెనకాలే వస్తున్నాడేమో!"

లైబ్రేరియన్ వచ్చి ఆ పేజీ చదివింది. ముఖం మారిపోయింది. అంతలో పెద్దాయన తిరిగొచ్చాడు.

"ఈవిడ పాప సంగతి మీకెందుకండీ?"

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అది... పుస్తకంలో ఉంటుందమ్మా. ఇలా ఇస్తే చూసి చెప్తాను."

"చూసి చెప్పేదేంటి? నోటితో చెప్పండి!"

ఆయన పుస్తకం కోసం చెయ్యి చాపే ఉంచాడు.

"మీరే వెళ్తారా, పోలీసుల్ని పిలవమంటారా?"

వెళ్ళాడు. పుస్తకం లైబ్రేరియన్ సొరుగులో పడింది.

ఆమె కిటికీలోంచి చూసింది. మెట్ల మీద నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. ఎంతకీ కదలడు. తనకోసమే కాపు కాశాడనుకుంది. వెనక గుమ్మంలోంచి స్కూలుకు పరుగెత్తింది.

మర్నాడు ఎదుటి సీటు ఖాళీ. పీడ విరగడైందనుకుంది. ఎర్ర కాగితం మీద మూడూ నలభై కింద రెండుసార్లు గీత గీసి, ప్రూఫుల్లో తల దూర్చింది.

"ఏంటమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నారు? ఐదైంది!" అంది లైబ్రేరియన్.

స్కూలుకు పరుగెత్తింది.

గేటు దగ్గర పాప వెక్కుతోంది. పక్కన భర్త. పాప చెయ్యి పట్టుకుని ముందు నడిచాడు.

తెల్లారేసరికి పాప బట్టల సంచి గుమ్మంలో ఉంది.

ఫైల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి ఇన్నాళ్ళూ ఆ వేళకు తన తల ఎత్తించింది ఏమిటి? తనను తానే అలా అడుగుతుంటే చెవుల్లో కుర్చీ బర్రుమంది.

ఒక్క ఉదుటున లైబ్రరీకి వెళ్ళింది.

"ఆ పుస్తకం ఒక్కసారి ఇవ్వండి మేడమ్. ఆయన వచ్చాడా?"

"లేదమ్మా, మళ్ళీ రాలేదు."

ఆ పేజీ తిప్పితే వెనక ఇంకా రాసి ఉంది.

'ఒకరోజు ఫోనులో ఏడుస్తూ పరుగెత్తింది, పాపను మర్చిపోయిందట. మూడూ నలభైకి కుర్చీ గట్టిగా ఈడ్చు. తల ఎత్తి గడియారం చూస్తుంది. నోటితో చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది.'

కింద రెండు నెలల తేదీలు. ప్రతి తేదీ పక్కనా టిక్కు.

పుస్తకం మొదటి పేజీ తీసింది.

పైన ఆయన పేరు, చిరునామా. వాటి కింద పెద్ద పెద్ద అక్షరాలతో తనకు తనే రాసుకున్నాడు: 'లైబ్రరీ మెట్లు దిగి ఎడమకు తిరుగు, ఈ పుస్తకం మాత్రం ఎవరికీ ఇవ్వకు, ఇది లేకపోతే నీకు ఇంటి దారి గుర్తురాదు.'