ఒక్క ప్యాకెట్టు

"దీన్ని నేను పాస్ చెయ్యను" అన్నాడు రబ్బానీ, స్క్రీన్ మీది కోడు నుంచి చూపు తిప్పకుండానే.

ప్రేమజ్యోతి ముఖం ఎర్రబడింది. "ఏమన్నా? కోడు సరిచూసే రస్ట్ కంపైలరే ఒక్క తప్పు పట్టలేదు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రులకు ఇచ్చెయ్యల్ల గదా!"

"కంపైలర్ పట్టేది కొన్నే. ఈడ చూడు. ఇంకొకరు ముట్టకుండా లాక్ పట్టుకొని రక్తం ప్యాకెట్టు ఉందా అని చూసినావు. లాక్ వదిలినావు. మళ్లా పట్టుకొని ఆసుపత్రి పేరు రాసినావు. ఆ సందులో ఇంకో ఆసుపత్రి చూసిందంటే దానికీ ఉండాదనే చెప్తాది. ఉండేది ఒకటే ప్యాకెట్టు. రెండో ఆసుపత్రోళ్లు రాని దానికోసం ఎదురుచూస్తా కూర్చుంటారు."

"ఇద్దరూ ఒకే క్షణంలో నొక్కుతారా అన్నా?"

"నొక్కరని రాసిస్తావా? చూసేది, రాసేది ఒకే పట్టులో జరగల్ల. మార్చు."

ఆమె గొణుక్కుంటూనే మార్చింది. రబ్బానీ వరుస వరుసా చదివి సరేనన్నాడు. కర్నూలు, కడప వైపు ఆసుపత్రులు బ్లడ్ బ్యాంకులను రక్తం అడిగే ఆ ప్రోగ్రాం మధ్యాహ్నం మొదలైంది.

అన్నానికి లేవబోతుంటే అతనికి ఫోన్ వచ్చింది. కమలాపురం నుంచి అత్త నన్నీ బీ. భార్య ఫిరోజా పురిటికి అక్కడికే వెళ్లింది.

"అల్లుడా, ఆడబిడ్డ పుట్టింది. ఫిరోజాకు నెత్తురు నిలబడల్యా! ఓ నెగటివ్ ఎక్కించల్లంట. నర్సమ్మ కంప్యూటర్లో అడిగితే లేదని వస్తాండాది. నా కూతురు పాలిపోతాండాది నాయనా, ఏమన్నా చెయ్యి..."

ఫోన్ తెగిపోయింది. మళ్లీ మళ్లీ చేశాడు. కలవలేదు.

స్క్రీన్ తెరిచాడు. అంతటా కలిపి ఓ నెగటివ్ ఒక్కటే ప్యాకెట్టు, అదీ కడపలో. ఒకే క్షణంలో రెండు చోట్ల నుంచి అడిగారు. కడపలోని ఆసుపత్రికి దక్కింది. కమలాపురానికి 'లేదు'. రోగుల పేర్లు ఆ స్క్రీన్ మీద కనిపించవు.

ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేశాడు. ఎక్కడా లేదు. సాయంత్రానికి రక్తమిచ్చేవాళ్లను ఎవరినైనా వెతుకుతామన్నాడొకడు.

"అన్నా," ప్రేమజ్యోతి గొంతు తగ్గించింది, "ప్రోగ్రాం లోపలికి పోయి మార్చే వీలు నీకుండాది గదా. కడప తీసేసి కమలాపురం రాయి. ఎవరికీ తెలీదు. నేను చెప్పను."

రబ్బానీ రాశాడు. ఇక ఎంటర్ నొక్కడమే. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఆ పక్క ఎవరుండారో!" అన్నాడు.

"ఎవరైతే ఏమన్నా? ఈ పక్క వదినుండాది!"

"వాళ్లకు వస్తాందని చెప్పేసినాం గదమ్మా. ఆడ కూడా ఎవరో ఇట్లే ఏడుస్తా వాకిలి తట్టు చూస్తాంటారు."

వేలు ఎంటర్ మీద ఆనింది. కళ్లు మూసుకుంటే ఫిరోజా ముఖం. నొక్కబోయాడు. నొక్కలేకపోయాడు. రాసిందంతా చెరిపేసి బల్ల మీద తల వాల్చాడు.

"నా చేతులారా చంపుకుంటాండా" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

గంట దాటినా ప్రేమజ్యోతి తమ చర్చివాళ్లకు ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేస్తూనే ఉంది. ఓ నెగటివ్ ఉన్న మనిషి ఎవరూ దొరకలేదు.

రబ్బానీ ఫోన్ మోగింది. నన్నీ బీ. ఏం వినాల్సి వస్తుందోనని అతను తీయలేదు. ప్రేమజ్యోతే తీసి అతని చెవి దగ్గర పెట్టింది.

"అల్లుడా, అల్లా చల్లగ చూసినాడు! నెత్తురు ఎక్కిస్తాండారు. ఇప్పుడే కండ్లు తెరిచి నిన్నడిగింది."

"నెత్తురు యాడిది అత్తా? కమలాపురానికి దొరకలేదే!"

"కమలాపురం యాడిది నాయనా, మేం కడపకొచ్చేసినాం. ఆడ కమలాపురంలో నర్సమ్మ బటన్ నొక్కతాంటేనే, ఆడి డాక్టరమ్మ ఈ ఆసుపత్రికి ఫోన్ చేసి, ఈళ్లతో కంప్యూటర్లో అడిగించి, ఉండే ఒక్క ప్యాకెట్టూ ఫిరోజాకే పట్టిపెట్టించిందంట!"