మిడతల ఇంటి ఫైలు

కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, మసాకా నుంచి కంపాలా దాకా షేర్ టాక్సీలో వచ్చాడు ముగేర్వా. పక్క సీటావిడ దుప్పటి అంచు తొలగించి చూసి, "పసిబిడ్డేమో అనుకున్నాను" అని మొహం తిప్పుకుంది.

ఇంటి మీద పిడుగు పడింది. కంప్యూటర్ పోయింది. అందులో మిడత వంశం మొత్తం ఉంది.

మా బుగాండాలో ఒక్కో వంశానికి ఒక్కో జంతువు పేరో, మొక్క పేరో ఉంటుంది. మిడత వంశంవాళ్లు మిడతల్ని తినరు, మిడత వంశం పిల్లను చేసుకోరు. ఆ వంశంవాడే అయిన ముగేర్వా రిటైరయ్యాక ఊరూరా తిరిగాడు. ముసలివాళ్లను కునుకు తియ్యనివ్వకుండా అడిగి, ఎవరు ఎవర్ని కన్నారో, ఏ ఆడపిల్లను ఏ ఇంటికిచ్చారో అంతా టైపు చేశాడు. కాగితాలుంటే చెదలు పడతాయని, టైపు చేసినవి చేసినట్టు బొగ్గుల పొయ్యి రాజెయ్యడానికి వాడేశాడు.

"ఏడవకు నాన్నా. కంపాలాలో ఒకడున్నాడు, చచ్చిన కంప్యూటర్లను లేపి కూర్చోబెడతాడు. అక్కడికే వెళ్లు, ఇంకెవరి చేతికీ ఇవ్వకు," అని కూతురు పెర్పెటువాయే దారి చెప్పి పంపింది.

సందులో చిన్న కొట్టు. బోర్డు మీద 'డాక్టర్' అని ఉంది. లోపలున్న కుర్రవాణ్ణి కూడా అందరూ అలాగే పిలుస్తున్నారు.

"కాపీ ఏమన్నా ఉందా పెద్దాయనా?"

"లేకేం! నేనంత తెలివితక్కువవాణ్ణా?"

"ఎక్కడుంది?"

"అందులోనే."

డాక్టర్ స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు.

నవంబరు, మిడతల కాలం కదా, వీధంతా వేయించిన మిడతల వాసన. అమ్మే ఆవిడ ఒకతె పళ్లెం లోపలికి చాపింది. ముగేర్వా పామును చూసినట్టు వెనక్కి జరిగాడు. డాక్టర్ వద్దని చెయ్యి ఊపాడు.

"నా కోసం మానుకుంటున్నావా బాబూ?"

"లేదండీ. మా ఇంట్లో ముసలావిడ వీటిని గడప తొక్కనిచ్చేది కాదు. అదే అలవాటైంది."

"పెంపకమంటే అదీ!" అంటూ ముగేర్వా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

సాయంత్రానికి కంప్యూటర్ మూలిగి కళ్లు తెరిచింది. పాత పాటలు వచ్చాయి. పెర్పెటువా బడి ఫొటోలు వచ్చాయి. పక్కింటివాళ్ల కోడిపుంజు మీద ముగేర్వా రాసి, పంపడానికి ధైర్యం చాలక దాచుకున్న ఫిర్యాదులు కూడా వచ్చాయి.

"వంశం ఫైలేదీ?"

"చూస్తున్నానండీ. అంత తొందరేంటి?"

"శనివారం మా అమ్మాయిని అడగడానికి వస్తున్నారయ్యా. సెరున్కుమా అట కుర్రాడి పేరు. తండ్రి వైపు చూశాం, తల్లి వైపు చూశాం, పేచీ లేదు. కానీ వాడి అమ్మమ్మ మా మిడతల ఆడపడుచేనని నాకు గట్టి అనుమానం."

"అమ్మమ్మ దాకా ఎవరు చూస్తారండీ ఈ రోజుల్లో?"

"నేను చూస్తాను! ఫైల్లో ఆవిడ దొరికిందా, వచ్చినవాళ్లను తెచ్చిన మేకలతో సహా వెనక్కి తోలేస్తా."

"దొరక్కపోతే?"

"నోరు మూసుకుని పిల్లనివ్వాలి. రుజువు లేకుండా అడ్డం పడితే మా అక్క నన్ను బతకనిస్తుందా? సంబంధం ఖాయం చేసింది ఆవిడే."

"అబ్బాయి ఎలాంటివాడట?"

"నాకేం తెలుసు? వేడుక కాకముందే అల్లుడి మొహం చూడ్డానికి నాకేమన్నా సిగ్గులేదా? మా అక్కకు తెగ నచ్చాడట. అంటే ఉత్త వెధవే అయ్యుంటాడు."

డాక్టర్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారింది. బల్ల కింద దూరి చాలాసేపు వెతుక్కున్నాడు.

శుక్రవారం ముగేర్వా మళ్లీ వచ్చాడు. డాక్టర్ కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి.

"అన్నీ వచ్చాయి పెద్దాయనా. ఆ ఒక్క ఫైలే రాలేదు."

ముగేర్వాకు దుఃఖం ఆగలేదు. కొట్లోనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. తను తిరిగిన ఊళ్లు, తనకు పేర్లు చెప్పి కన్నుమూసిన ముసలివాళ్లు గుర్తొచ్చారు. వాళ్లను మళ్లీ అడగడం ఎలా?

డాక్టర్ కంగారుపడి నీళ్లిచ్చాడు. "ఆశ వదులుకోకండి. డిస్కు నా దగ్గరే ఉంచండి. మీ అమ్మాయి పెళ్లయ్యాక నిదానంగా ఇంకోసారి చూస్తాను. నాకెందుకో దొరుకుతుందనే అనిపిస్తోంది."

కూలి తీసుకోమంటే ససేమిరా అన్నాడు. ముగేర్వా కరిగిపోయాడు.

"రేపు మా ఇంటికి నువ్వు వచ్చి తీరాలి. నా పక్కన కూర్చుని భోంచెయ్యాలి."

"మీరు చెప్పాక రాకుండా ఉంటానాండీ?"

శనివారం ఇంటిముందు ఎదురెదురుగా రెండు పందిళ్లు వేశారు. ఎదుటి పందిట్లో మగపెళ్లివారంతా ఒకేలా, పాదాల దాకా వేలాడే తెల్ల కాంజులు, పైన నల్లకోట్లు తొడుక్కున్నారు. వాళ్లలో పెళ్లికొడుకెవరో వాళ్లు చెప్పకూడదు. పెళ్లికూతురి మేనత్తే వెతికి పట్టుకుని కోటుకు పువ్వు గుచ్చాలి.

ముగేర్వా తన పక్క కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

"ఆ డాక్టర్ ఇంకా రాలేదేమే?" అన్నాడు ముస్తాబై వచ్చిన కూతురితో.

"వస్తాడులే నాన్నా," అంది పెర్పెటువా, తల వంచుకుని.

అక్క పువ్వు పట్టుకుని ఎదుటి పందిట్లోకి నడిచింది. "ఇతనేనా? అబ్బే, ఈ పొట్టకు మా తోటలో అరటికాయలు చాలవు! ఇతనా? పాపం నిద్రపోతున్నాడు, లేపకండి!" రెండు పందిళ్లూ గొల్లుమన్నాయి. ముగేర్వా కూడా పగలబడి నవ్వుతూనే, ఖాళీ కుర్చీ మీద చెయ్యి తియ్యకుండా వీధి వైపు చూస్తున్నాడు.

చివరి వరుస దాకా వెళ్లిన అక్క, ఎవరి వెనకో నక్కి కూర్చున్న కుర్రవాణ్ణి గడ్డం పట్టి పైకి లేపి, కోటుకు పువ్వు గుచ్చింది. ఆ కుర్రవాడు డాక్టరే.