రెండు కొక్కేల చప్పుడు

“వినిపించలేదు. మళ్ళీ తగిలించండి.”

“తగిలించిన కొక్కేన్ని మళ్ళీ ఏం తగిలిస్తానే? అవతల పని ఆగిపోయింది.”

“అయితే తీసి తగిలించండి.”

“తీస్తే పడనూ?”

“రెండోది ఉంటుందిగా! ఒకటి పట్టాకే రెండోది వదలాలని నాకు చెప్పింది మీరేగా?”

ఫోన్లో నిట్టూర్పు వినిపించింది. దాని వెనక గాలి హోరు. పెరుగుతోంది, తగ్గుతోంది, మళ్ళీ పెరుగుతోంది. పెరిగినప్పుడల్లా ఎక్కడో కిర్రుమంటోంది. తర్వాత టక్. మరో టక్. ఆమె ఫోన్ పెట్టేసేలోగా ఇంకో నాలుగు.

ఆమె కుట్టుమిషన్ సొరుగులోంచి చిన్న నూనె సీసా తీసి, చక్రానికి రెండు చుక్కలు వేసి, మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. నాలుగు నెలలుగా రోజూ పదింటికి ఇదే తంతు.

పెళ్ళిచూపులప్పుడు “కుర్రాడు చాలా ఎత్తులో ఉంటాడు” అన్నారు. హోదా అనుకుంది. సెల్ టవరని తర్వాత తెలిసింది. పద్దెనిమిదేళ్ళు దానికీ అలవాటు పడింది. నాలుగు నెలల కిందట మాత్రం, తడిసిన ఇనుప మెట్టు మీద ఆయన కాలు జారింది. నూట ఇరవై అడుగుల ఎత్తున, ఇనుముకి తగిలించిన బెల్టు కొక్కెం మీద వేలాడాడు. తోటివాళ్ళు కిందికి దించేసరికి అరగంట పట్టింది. బెల్టు పట్టీలు తొడల్ని కోశాయి, కాళ్ళు మొద్దుబారాయి. మనిషి మాత్రం దక్కాడు.

వారం తర్వాత ఆయన మళ్ళీ అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరుతుంటే ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఇంకా ఎక్కుతారా?”

“ఎక్కక? కంపెనీ స్టోరులో కూర్చుని, ఇంకొకళ్ళు కట్టుకునే బెల్టుల కొక్కేలు లాగి చూసుకోమంటావా? అది ఎక్కలేనివాళ్ళు చేసే పని.”

“సరే. అయితే రోజూ ఫోన్ చేస్తాను. కొక్కేలు పడ్డ చప్పుడు నా చెవికి వినిపించాలి.”

అలా మొదలైంది.

“ఒక చేత్తో ఇనుము, ఒక చేత్తో పెళ్ళాం. ఆ ఎత్తున వాడు ఏది పట్టుకుంటాడే?” అంది అత్తగారు కూరగాయలు తరుగుతూ.

“ఇయర్‌ఫోన్ ఉందత్తయ్యా. చేతులు ఖాళీయే.”

“అయితే నిన్ను నేరుగా చెవిలోనే పెట్టుకున్నాడన్నమాట. పాపం.”

ఆమె నవ్వలేదు. పెరట్లోకి వెళ్ళి దండెం వంక చూసింది. ఆరేసిన చీర అంచు కూడా కదలడం లేదు.

“ఆకు అల్లాడటం లేదు. ఆయన దగ్గరేమో ఒకటే హోరు.”

“పైన అట్లాగే ఉంటుందిలే, కిందున్న మనకేం తెలుస్తుంది? అన్నట్టు, ఈ కొత్త సబ్బు మంచిదేనే. వాడి చొక్కాలకి తుప్పు మరక ఒక్కటీ మిగలడం లేదు.”

“అవునత్తయ్యా, మంచి సబ్బే.”

సాయంత్రం ఆయన వచ్చి, చెప్పులు విడిచి, ఆ గుమ్మంలోనే కూలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళలో ఏ టవరూ ఆయన్ని ఇంతగా నలిపెయ్యలేదు. కంచం ముందు కూర్చుని, పైనుంచి బస్సులు అగ్గిపెట్టెల్లా ఉన్నాయని తల్లికి చెబుతూ చెబుతూ, మధ్యలో మరిచిపోయినట్టు ఆగిపోయాడు.

“రెండే కొక్కేలు కదా, పొద్దున ఆరు టక్కులేమిటి?” అంది ఆమె మంచినీళ్ళు పోస్తూ.

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నాడు. “సరిచూసుకున్నానే. జాగ్రత్త ఎక్కువైనా తప్పేనా?”

“తప్పేముంది?”

చేయి కడుక్కునేటప్పుడు నెమ్మదిగా అన్నాడు. “ఆ ఫోన్ మానెయ్యవే. రోజూ... నావల్ల కావడం లేదు.”

ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. ఉన్నదంతా అలసటే. ఆమె తువ్వాలు అందించింది.

“నావల్లా కావడం లేదు. రేపటి నుంచి చెయ్యనులెండి.”

ఆయన తలెత్తి చూశాడు. ఊపిరి పీల్చుకున్నట్టూ ఉన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టూ ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె అందించిన సంచి కాస్త వంకరగా తోచి, ఆయన లోపలికి తొంగి చూశాడు. డబ్బా పక్కన గుడ్డలో చుట్టిన కుట్టుమిషన్ నూనె సీసా ఉంది.

“ఇదెందుకే? కొక్కేలకా? వాటికి నూనె పెట్టకూడదు, జారతాయి.”

“కొక్కేలకి కాదు.”

“మరి?”

ఆమె ఆయన చొక్కా కాలరు సరిచేసింది. వంటింట్లో ఉన్న అత్తగారికి వినపడకుండా గొంతు తగ్గించింది.

“స్టోరులో మీ టేబుల్ ఫ్యానుకి.”